ఆరు గంటల చుట్టం

అలిపిరి మెట్ల దగ్గర గోవింద నామాల నడుమ, పక్క పొదల్లోంచి రెండు స్వరాల ఈల వినిపిస్తే ఓ క్షణం ఆగండి. అది పొన్నంకి పిట్ట కావచ్చు!

మైనా కన్నా చిన్నది. మొండి తోక. ఆకుపచ్చ వీపు, రెక్కల మీద నీలం, తోక కింద ఎరుపు, కంటి మీదుగా నల్లపట్టీ. హిందీలో నవరంగ్. తమిళులకైతే ‘ఆరుమణి కురువి’... అంటే ఆరు గంటల పిట్ట. పొద్దునా సాయంత్రం ఆ వేళకే కూస్తుంది మరి.

హిమాలయాల దిగువన, మధ్య భారతంలో పిల్లల్ని పెంచి, చలికాలం గడపడానికి దక్షిణాదికి వస్తుంది. ప్రయాణమంతా రాత్రిపూటే. అలసిపోయి ఊళ్లలో కిటికీ అద్దాలకు కొట్టుకుని పెరట్లో పడిపోతుంటుంది. అప్పుడు పిల్లికీ కుక్కకీ చిక్కకుండా, గాలాడే అట్టపెట్టెలో కాసేపు చీకట్లో ఉంచాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. తేరుకున్నాక చెట్ల దగ్గర వదిలేయాలి. లేవకపోతే అటవీశాఖకు అప్పగించాలి. ముద్దొస్తోందని పంజరంలో పెడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఫొటో కావాలా? చెట్టుపైకి కాదు, నేల మీదికి చూడండి. ఎండుటాకులు తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది. దూరంగా కూర్చుంటే అదే బయటికొస్తుంది. కొందరు సెల్‌ఫోన్‌లో దాని కూత వినిపించి రప్పిస్తారు. పాపం, పోటీ పిట్ట వచ్చిందనుకుని మేత మానేసి వెతుక్కుంటుంది. అన్నట్టు, 2023లో నడకదారిలో చిరుత దాడులు జరిగాయి. కెమెరా ఉందని పొదల్లోకి దూరొద్దు.

పార్కుల్లో మాత్రం శుభ్రత పేరుతో రాలిన ఆకులన్నీ ఊడ్చి తగలబెడుతున్నారు. చుట్టం వచ్చే వేళకి విస్తరి ఎత్తేసినట్టే! చెట్ల కింద ఓ మూల వదిలేసినా చాలు, ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాదికి తిరిగెళ్లేదాకా దానికి మేత దొరుకుతుంది.