ముప్పై పరుగుల సాక్ష్యం

ఆగస్టు మాసం వచ్చిందంటే అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాలలో నివసించే మనవారి ఇళ్ళలో ఒక వింత దృశ్యం కనిపిస్తుంది. పెద్దలు శ్రావణమాసపు పూజలకు తమలపాకులు ఎక్కడ దొరుకుతాయా అని వెదుకుతూ ఉంటే, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు రాబోయే కళాశాల ఫుట్‌బాల్ సీజనును గురించిన ప్రత్యేక సంచికలు ముందు వేసుకొని కూర్చుంటారు. ఆ సంచికలలో తప్పక ఉండే శీర్షిక ఒకటి గలదు: ఫలానా కాన్ఫరెన్సులోని రన్నింగ్ బ్యాక్‌లలో ఎవరు మొదటివాడు, ఎవరు రెండవవాడు అనే పట్టిక. క్రిందటి సంవత్సరం మా అబ్బాయి అటువంటి పట్టికను నా ముందు పెట్టి, "నాన్నా, నువ్వు రోజూ లెక్కలు చేస్తావు కదా, ఈ వరుస సరైనదేనా చెప్పు" అన్నాడు. నేను రసాయన శాస్త్రజ్ఞుడినే గాని క్రీడా పండితుడిని కాను. అయినా ఆ ప్రశ్న నన్ను ఊరికే వదలలేదు. ఎందుకు వదలలేదో కొంచెం తరువాత మనవి చేస్తాను.

క్రికెట్టు చూస్తూ పెరిగిన నావంటి వారి కోసం ఆటను గురించి నాలుగు మాటలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరి నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. బంతిని విసరవచ్చు, లేదా చేతపట్టుకొని పరుగెత్తవచ్చు. అలా పరుగెత్తడమే ప్రధాన విధిగా కలవాడు రన్నింగ్ బ్యాక్. అతడు బంతి పుచ్చుకొని పరుగెత్తిన ప్రతిసారీ ఒక 'క్యారీ' అవుతుంది. అతని ముందు కొండల వంటి ఐదుగురు మనుషులు నిలబడి ఎదుటివారిని తోసి దారి చేస్తారు. ఆ ఐదుగురికి చప్పట్లు తక్కువ, దెబ్బలు ఎక్కువ.

విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్సులనే కూటములుగా ఏర్పడి ఆడుతాయి. మా ప్రాంతపు కూటమి పేరు బిగ్ టెన్. 1896లో పుట్టిన ఈ కూటమిలో 2014లో పద్నాలుగు విశ్వవిద్యాలయాలు ఉండేవి. 2024 నుంచి పద్దెనిమిది ఉన్నాయి. పేరు మాత్రం పదిమందిదే. రసాయన శాస్త్రంలో ఒక పదార్థానికి ఇటువంటి పేరు పెడితే పరీక్షలో సున్న వేస్తారు.

మా వాడు తెచ్చిన పట్టికకు జవాబు ఇంకా భవిష్యత్తులో ఉన్నది. ప్రయోగశాలలో కొత్త పరికరం వచ్చినప్పుడు దానిని తెలియని ద్రావణంతో పరీక్షించము. గాఢత ముందే తెలిసిన ప్రమాణ ద్రావణంతో పరీక్షిస్తాము. కనుక జవాబు తెలిసిన పాత సంవత్సరం ఒకటి తీసుకొందామని చెప్పాను. ఎన్నుకొన్న సంవత్సరం 2014. ఆ ఏడు బిగ్ టెన్‌లో ఉన్నంతమంది మేటి రన్నింగ్ బ్యాక్‌లు ఒకే కూటమిలో కలిసిరావడం అరుదు.

2014 ఆగస్టులో కూర్చొని వెనుకటి ఏటి లెక్కలు మాత్రమే చూస్తున్నామని భావించండి. ఆరుగురిని తీసుకొందాం. నెబ్రాస్కాకు చెందిన అమీర్ అబ్దుల్లా 2013లో 281 క్యారీలలో 1,690 గజాలు పరుగెత్తాడు. విస్కాన్సిన్ ఆటగాడు మెల్విన్ గోర్డన్ 206 క్యారీలలో 1,609 గజాలు, మిషిగన్ స్టేట్ ఆటగాడు జెరెమీ లాంగ్‌ఫర్డ్ 292 క్యారీలలో 1,422 గజాలు, మిన్నెసోటా ఆటగాడు డేవిడ్ కాబ్ 237 క్యారీలలో 1,202 గజాలు సాధించారు. ఇండియానాలోని టెవిన్ కోల్‌మన్ గాయం వల్ల తొమ్మిది ఆటలే ఆడి, 131 క్యారీలలో 958 గజాలు చేశాడు. ఆరవవాడు ఒహాయో స్టేట్‌కు చెందిన ఎజకీల్ ఎలియట్. కార్లోస్ హైడ్ అనే పెద్దవాడి వెనుక బల్ల మీద కూర్చొన్న ఆ కుర్రవాడికి దక్కినవి 30 క్యారీలు, 262 గజాలు.

మొత్తం గజాలను బట్టి చూస్తే అబ్దుల్లా మొదటివాడు, ఎలియట్ చివరివాడు. క్యారీకి సగటు ఎన్ని గజాలు అని చూస్తే పట్టిక దాదాపు తలక్రిందులవుతుంది: ఎలియట్ 8.7, గోర్డన్ 7.8, కోల్‌మన్ 7.3, అబ్దుల్లా 6.0, కాబ్ 5.1, లాంగ్‌ఫర్డ్ 4.9. ఒకే ఆటగాళ్ళు, ఒకే సంవత్సరం, రెండు త్రాసులు. దేనిని నమ్మాలి?

మొత్తం గజాలలో ఆటగాని శక్తితో పాటు శిక్షకుడు అతనికి ఎన్నిసార్లు బంతి ఇచ్చాడన్నది కూడా కలిసిపోయి ఉంటుంది. ఆ కలుపును సగటు కొంతవరకు వేరు చేస్తుంది. కాని సగటుకు వేరొక జబ్బు ఉన్నది. పరుగులలో అధికభాగం రెండు, మూడు, నాలుగు గజాలవే. కొన్నిసార్లు ఒక గజం వెనక్కు కూడా పోతారు. ఎప్పుడో ఒకసారి దారి తెరుచుకొని యాభై, అరవై గజాలు వస్తాయి. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలునని మన పెద్దలు అన్నారు; కుండ అంతా ఒకే తీరుగా ఉడుకుతుంది గనుక అది నిజమే. కాని మిక్చరు డబ్బాలో చేయి పెట్టి ఒక గుప్పెడు తీసి, అందులో నాలుగు జీడిపప్పులు కనబడగానే డబ్బా నిండా జీడిపప్పే అనుకొంటే ఏమవుతుంది? క్యారీలు మిక్చరు వంటివి.

30 క్యారీలలో ఒకటి యాభై గజాల పరుగు అనుకొందాం. దానిని తీసివేస్తే 8.7 సగటు 7.3కు పడిపోతుంది. అదే యాభై గజాల పరుగును అబ్దుల్లా 281 క్యారీల నుంచి తీసివేస్తే 6.0 కాస్తా 5.9 అవుతుంది, అంతే. ఒక్కొక్క క్యారీలోని హెచ్చుతగ్గులకు ప్రామాణిక విచలనం ఆరు గజాలనుకొంటే, సగటులోని అనిశ్చితి ఆ ఆరును క్యారీల సంఖ్య యొక్క వర్గమూలంతో భాగించగా వస్తుంది. ఎలియట్‌కు అది 1.1 గజాలు, గోర్డన్‌కు 0.4, అబ్దుల్లాకు ఇంకొంచెం తక్కువ. దానికి రెండింతలు అటూ ఇటూ చోటు వదలాలని మా వృత్తిలో ఆచారం. అంటే ఎలియట్ అసలు సామర్థ్యం ఆరున్నర గజాల నుంచి దాదాపు పదకొండు గజాల వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఇంత వెడల్పైన ముల్లుతో ఏ త్రాసు పనిచేస్తుంది?

ఇక్కడ నా కథ కొంత చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరాల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో ఒకే చర్యకు రెండు ఉత్ప్రేరకాలను పోల్చవలసి వచ్చింది. ఒకటి నాది, మరొకటి నా కంటె చిన్నదైన ఒక సహోద్యోగినిది. నేను మూడు ఫ్లాస్కులలో చేసి 91, 93, 92 శాతం ఫలితాలు చూపించాను. ఆమె ఇరవై ప్రయోగాలు చేసి సగటున 84 శాతం అని వ్రాసింది. నా మూడు ఫ్లాస్కులూ ఒకే రోజున, ఒకే సీసాలోని పదార్థంతో చేసినవి. సమావేశంలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆమె పని ఆపివేశారు. ఎనిమిది నెలల తరువాత పెద్ద పాత్రలలో నా ఉత్ప్రేరకం 76 శాతం దాటలేదు. అప్పటికి ఆమె వేరే ఊరికి వెళ్ళిపోయింది. నేను అబద్ధం చెప్పలేదు; మూడింటి సగటు 92 అన్నది నిజమే. పత్రికలో ఎలియట్ పేరు ప్రక్క 8.7 అన్న అంకె చూచినప్పుడల్లా నాకు ఆ సమావేశపు గది జ్ఞాపకం వస్తుంది.

మరి చిన్న నమూనాను ఏమి చేయాలి? పారవేయాలా? అక్కరలేదు. ఈ విషయంలో పునాది పనిచేసినవారిలో మన తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఒకరు. 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం చదివి, 1945లో వెలువరించిన ఒక వ్యాసంలో, పక్షపాతం లేని ఏ అంచనాలోనైనా అనిశ్చితి ఒక హద్దు కంటె తగ్గదని ఆయన నిరూపించారు. దానినే క్రామర్-రావు అవధి అంటారు. 1988లో ఆయన పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. ఆ తరువాత రెండేళ్ళకు, 1990లో, ఆ విశ్వవిద్యాలయమే బిగ్ టెన్‌లో చేరింది. రావు గారు 2023లో 102వ ఏట పరమపదించారు. బిగ్ టెన్‌తో మనవారి సంబంధం టెలివిజను ముందు కూర్చోవడంతోనే మొదలు కాలేదని చెప్పడానికి ఈ మాట వ్రాశాను.

'పక్షపాతం లేని' అన్న షరతులోనే కిటుకు ఉన్నది. మూడు గాని అంతకంటె ఎక్కువ గాని సగటులను ఒకేసారి అంచనా వేసేటప్పుడు, వాటిని కావాలనే ఒక ఉమ్మడి కేంద్రం వైపు కొంచెం లాగితే మొత్తం మీద పొరపాటు తగ్గుతుందని చార్లెస్ స్టైన్ 1956లో చూపించాడు. ఎంతోమంది గణితజ్ఞులకు ఇది మొదట మింగుడుపడలేదు. ఆచరణలో సులభమైన పద్ధతి ఇది: ప్రతి ఆటగానికీ, అతడు ఎవరైనా సరే, సగటున ఐదు గజాలు వచ్చిన వంద కల్పిత క్యారీలను ముందుగా జమవేయండి. తరువాత అతని అసలు క్యారీలను కలిపి భాగించండి. నిజమైన క్యారీలు చాలా ఉన్నవానిని ఈ వంద పెద్దగా కదిలించలేవు. కొద్దిగా ఉన్నవానిని గట్టిగా లాగుతాయి.

మా అబ్బాయి కాలిక్యులేటరు పట్టుకొని చేశాడు. గోర్డన్‌కు 6.9, కోల్‌మన్‌కు 6.3, ఎలియట్‌కు 5.9, అబ్దుల్లాకు 5.7, కాబ్‌కు 5.1, లాంగ్‌ఫర్డ్‌కు 4.9 వచ్చాయి. ఎలియట్ మొదటి స్థానం నుంచి మూడవ స్థానానికి దిగాడు, చివరికి మాత్రం పోలేదు.

ఇప్పుడు జవాబు చూద్దాం. 2014లో గోర్డన్ 343 క్యారీలలో 2,587 గజాలు, కోల్‌మన్ 270 క్యారీలలో 2,036 గజాలు పరుగెత్తారు. ఇద్దరి సగటూ 7.5, రెండవ దశాంశం వరకు పోయినా తేడా కనబడదు. ఎలియట్ 273 క్యారీలలో 1,878 గజాలతో 6.9, అబ్దుల్లా 264 క్యారీలలో 1,611 గజాలతో 6.1, లాంగ్‌ఫర్డ్ 276 క్యారీలలో 1,522 గజాలతో 5.5, కాబ్ 314 క్యారీలలో 1,626 గజాలతో 5.2 సాధించారు. మొదటి నలుగురి వరుస మన కాగితం మీద ఉన్నట్లే ఉన్నది. మొత్తం గజాలలో ముందటి ఏట ఈ ఆరుగురిలో మొదటివాడైన అబ్దుల్లా ఈసారి ఐదవవాడయ్యాడు.

అయితే ఇందులో నా గొప్ప కొంచెమే. జవాబు తెలిసిన తరువాత వేసిన లెక్క ఇది. వందకు బదులు యాభై కల్పిత క్యారీలు వేసినా వరుస మారదు గాని, రెండువందలు వేస్తే ఎలియట్ అబ్దుల్లా కంటె క్రిందికి పోతాడు. వంద అన్నది నేను ఎన్నుకొన్న ఊహ, దేవుడిచ్చిన సంఖ్య కాదు.

ఇంకొక చిక్కు గలదు. మేము ఏ పదార్థాన్ని కొలిచినా ముందు ఖాళీ ద్రావణాన్ని కొలిచి ఆ విలువను తీసివేస్తాము. ఇక్కడ ఖాళీ ద్రావణం ఏది? ముందు నిలబడి దారిచేసే ఆ ఐదుగురు. 2013లో విస్కాన్సిన్‌లో అదే ఐదుగురి వెనుక జేమ్స్ వైట్ అనే మరొక ఆటగాడు 221 క్యారీలలో 1,444 గజాలు, అంటే క్యారీకి 6.5 సాధించాడు. కనుక గోర్డన్ 7.8లో పెద్ద భాగం ఆ దారిది. అతని సొంతం పైనున్న ఆ కాస్త. ఒహాయో స్టేట్‌లో హైడ్ సగటు 7.3. కాని అక్కడ 2013 నాటి ఐదుగురిలో నలుగురు వెళ్ళిపోయారు. ఆపైన 2014 ఆగస్టులో క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజం దెబ్బతిని సీజనంతా దూరమయ్యాడు. ఏ లెక్క వేసినవారైనా ఎలియట్‌ను ఇంకా క్రిందికి దించి ఉండేవారు, పొరబడి ఉండేవారు కూడా. అతడు ఆ సీజను చివరి మూడు ఆటలలో 220, 230, 246 గజాలు పరుగెత్తాడు. మొదటిది విస్కాన్సిన్‌పై బిగ్ టెన్ అంతిమ పోటీ. అందులో గోర్డన్‌ను 26 క్యారీలలో 76 గజాల దగ్గర కట్టడి చేశారు. ఆ నవంబరులో నెబ్రాస్కాపై మూడు భాగాల ఆటలోనే 408 గజాలు చేసినవాడు ఆ గోర్డనే. చివరిది 2015 జనవరి 12న ఓరిగన్‌పై జాతీయ విజేతను తేల్చిన పోటీ. ఒహాయో స్టేట్ 42-20తో గెలిచింది.

వేరువేరు కాలాలను పోల్చేవారు మరింత జాగ్రత్తపడాలి. 2002కు ముందు సీజను తరువాతి బౌల్ ఆటలు లెక్కలలో చేరేవి కావు. 1988లో ఓక్లహోమా స్టేట్ ఆటగాడు బ్యారీ శాండర్స్ పదకొండు ఆటలలో 2,628 గజాలు చేశాడు. గోర్డన్ 2,587కు పద్నాలుగు ఆటలు పట్టాయి. శాండర్స్ అంతకు ముందు థర్మన్ థామస్ వెనుక రెండేళ్ళు వేచి ఉన్నవాడే. ఇదంతా చదివిన మా అబ్బాయి, "అయితే నీ వంద క్యారీలు శాండర్స్‌ను కూడా క్రిందికి లాగి ఉండేవి కదా నాన్నా" అన్నాడు. లాగి ఉండేవి, కాదనలేదు.

వాడు ఈ సంవత్సరపు పట్టికను తనంతట తానే తయారుచేసి మా వంటింటి ఫ్రిజ్‌కు అంటించాడు. వంద క్యారీల గడి వేశాడు, ఖాళీ ద్రావణపు గడి కూడా వేశాడు. అయినా మొదటి పేరు మాత్రం క్రిందటి ఏడు ముప్పై క్యారీలైనా దక్కని ఒక కుర్రవాడిది. కారణం అడిగితే, అక్టోబరు దాకా ఆగమన్నాడు.