నరమూలమున సూదిమందు

నడుమునుండి బయలుదేరి, పిరుదుమీదుగా తొడ వెనుకకు దిగి, పిక్కను దాటి పాదమువరకును మంటగా, తిమ్మిరిగా, పోటుగా ప్రాకెడు నొప్పి మానవజాతికి క్రొత్తది కాదు. ఆయుర్వేదవైద్యులు దానిని గృధ్రసి యనిరి. ఇండ్లలో తుంటినొప్పి యందురు. నేటి ఆసుపత్రులలో అది సయాటికా. కీలునుండి పుట్టు నొప్పి వేరు, నరమునుండి పుట్టు నొప్పి వేరు అని 1764లో తన లాటిను గ్రంథమున స్పష్టముగా విడదీసి చూపినవాడు నేపుల్సు వైద్యుడు డొమెనికో కొతూన్యో. అయినను నరమునకు ఆ కీడు ఏల వాటిల్లెనో అతనికి తెలియలేదు. నరపు తొడుగులో ద్రవము చేరుటయే హేతువని యెంచెను. హేతువు తెలియకయే చికిత్సకు పూనుకొనుట వైద్యమునకు వింత కాదుగాని, ఇప్పుడు చెప్పబోవు సూదిమందు విషయమున ఆ క్రమము ఆద్యంతము తలక్రిందులే: మందు ముందు వచ్చెను, అది పని చేయుటకు కారణము తరువాత తెలిసెను, దాని ప్రయోజన మెంతయో తూచి చూచుట అన్నిటికంటె కడపట జరిగెను.

మార్గ మొకచోటను, ఔషధము వేరొకచోటను పుట్టినవి. వెన్నుపామును కప్పియున్న గట్టి పొరకును, దానిచుట్టునున్న ఎముకకును నడుమ, కొవ్వుతోను సన్నని సిరలతోను నిండిన యిరుకు అవకాశ మొకటి కలదు. కాలిలోనికి పోవు నరమూలములు దానిగుండనే వెలికి వచ్చును. 1901లో పారిసు నగరమున సికార్, కతలాఁ అను వైద్యులిద్దరు, ఒకరితో నొకరికి పొత్తు లేకయే, కొద్ది వారముల వ్యవధిలో, త్రికాస్థి చివరనున్న చిన్న రంధ్రమునుండి సూదిని పైకి పోనిచ్చి ఆ అవకాశములో కొకెయిను ద్రావణమును నింపవచ్చునని ప్రకటించిరి. కతలాఁ కోరినది శస్త్రచికిత్సకు తగిన మత్తు. అది అతనికి సంతృప్తికరముగా లభింపలేదు. సికార్ కోరినది నొప్పినివారణము. అతని రోగులలో తుంటినొప్పివారును ఉండిరి. ఆ సికారే తరువాత, 1920 ప్రాంతమున, కొకెయినునకు బదులు అయొడిను కలిసిన తైలమును ఎక్కించి చూచుచుండగా, ఆ తైలము ఎక్స్-రే పటమున స్పష్టముగా కనబడి వెన్నుకాలువ రూపమును చూపింపసాగెను. చికిత్సకై వెదకినది రోగనిర్ణయమునకు అక్కరకు వచ్చినది. ఇటువంటి దారిమళ్లింపులు శాస్త్రచరిత్రలో కొల్లలు.

ఇంతవరకును డిస్కు మాట అంతగా వినబడలేదు. పూసకును పూసకును నడుమనుండు ఈ మెత్త, పైని దిట్టమైన పీచు వలయము కలిగి, లోన తాటిముంజవలె నీరూరు మెత్తని గుజ్జుతో నుండును. వలయము చినిగినప్పుడు గుజ్జు వెన్నుకాలువలోనికి పొడుచుకొని వచ్చి నరమూలమును తాకును. శస్త్రచికిత్సకులు అట్టి ముక్కలను తీసియు, వానిని మృదులాస్థి గడ్డలని భ్రమపడుచు వచ్చిరి. బోస్టనులోని మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రిలో మిక్స్టర్, బార్ అనువారు ఆ నమూనాలను మరల పరీక్షింపజేసి, అవి గడ్డలు కావు, చినిగిన డిస్కు భాగములే యని 1934లో వెల్లడించిరి. అప్పటినుండి తుంటినొప్పి కేవలము ఒత్తిడి వ్యవహారమయ్యెను: ముక్క నొక్కుచున్నది కావున నొప్పి, ముక్కను తీసినచో శాంతి.

ఇక ఔషధము. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కామెర్ల రోగము వచ్చినపుడును, గర్భము ధరించినపుడును కొందరి కీళ్లవాతము తాత్కాలికముగా నెమ్మదించుట గమనించి, శరీరములో శాంతికరమైన పదార్థమేదో యున్నదని నమ్మియుండెను. ఎడ్వర్డ్ కెండాల్ అధివృక్కగ్రంథులనుండి వేరుచేసిన పదార్థము, అనంతరము ఎద్దుల పిత్తమునుండి రసాయనికముగా తయారై చేతికి వచ్చినపుడు, 1948 సెప్టెంబరు 21న హెంచ్ బృందము దానిని వాతముచే కదలలేని యొక యువతికి ఎక్కించెను; కొలది దినములలో ఆమె లేచి నడచెను. అదియే స్టెరాయిడు జాతికి చెందిన కార్టిజోను. రెండేండ్లకే హెంచ్, కెండాల్, రైక్‌స్టైనులకు నోబెలు బహుమానము లభించెను. కీళ్లవాతమునకు ఎక్కించినది నరమూలమునకేల ఎక్కింపరాదను ప్రశ్న ఆలస్యము లేకయే పుట్టెను: 1952లో ఇటలీలో రొబెక్కి, కాప్రా అనువారు త్రికాస్థి నరమూలముచెంతకు హైడ్రోకార్టిజోనును పంపిరి, మరుసటి సంవత్సరమున ఫ్రాన్సులో లియెవ్ర్ దానిని అర్ధశతాబ్దమునాటి సికార్ మార్గమున ఎక్కించెను.

ఇచటనే నాకు ఆశ్చర్యము కలుగుచున్నది. స్టెరాయిడు ఒత్తిడిని తగ్గింపదు, చినిగిన వలయమును కుట్టదు. అది చేయగలిగినది శోథమును, అనగా కణజాలము ఎర్రవారి ఉబ్బి మండుటను అణచుట మాత్రమే. ఒత్తిడియే వ్యాధియైనచో ఈ మందు నిష్ప్రయోజనము కావలెను. అయినను కొందరికి గుణ మిచ్చుచుండెను. 1958లో స్మిత్, రైట్ అను ఆంగ్లేయులు డిస్కు శస్త్రచికిత్స చేయునపుడు నరమూలమునకు నైలాను దారము చుట్టి, కొసను చర్మమునకు వెలుపల నుంచి, పిదప మెల్లగా లాగి చూచిరి: డిస్కు తాకి యుండిన మూలమును కదపగా రోగికి పూర్వపు తుంటినొప్పియే లేచెను, ఆరోగ్యవంతమైన మూలమునుండి అట్టి నొప్పి పుట్టలేదు. 1994లో నడుమునొప్పి లేని 98 మందిని ఎమ్మారై తీసి చూడగా 36 శాతమునకు మాత్రమే డిస్కులన్నియు సలక్షణముగా ఉండెను. ఉబ్బిన డిస్కుతో సుఖముగా తిరుగువారు ఇందరుండగా ఒత్తిడి యొక్కటియే దోషి యెట్లగును? స్వీడనులోని యోటెబొరి నగరమున ఒల్మార్కర్, రూడెవిక్ మొదలగువారు 1993లో పందుల నరమూలములపై, ఏ ఒత్తిడియు లేకుండ, ఆయా పందుల డిస్కు గుజ్జునే ఉంచిరి. వారము దినములలో నరవేగము క్షీణించెను. పుట్టుకతో వలయమున బంధితమై రక్తప్రసారమునకు దూరముగా పెరిగిన ఆ గుజ్జు, బయటపడినపుడు శరీరమునకు పరాయిదిగా తోచి, శోథమును రగిలించును. మిథైల్ ప్రెడ్నిసొలోను అను స్టెరాయిడును వెంటనే యిచ్చినచో ఆ హాని తగ్గినదని మరుసటి ఏటనే వారు చూపిరి. నలువదేండ్లు వాడిన మందునకు అప్పుడు కదా నిలుచుటకు నేల దొరికినది!

ప్రయోజన మెంత? 1997లో కెనడాలో కారెట్ బృందము 158 మంది రోగులకు, కొందరికి మిథైల్ ప్రెడ్నిసొలోనును, కొందరికి ఉత్త ఉప్పునీటిని, ఏది యెవరికో తెలియకుండ ఎక్కించి పరిశీలించెను. తొలివారములలో కాలినొప్పి కొంత తగ్గినది. మూడవ మాసమునకు భేదము మాసిపోయినది. సంవత్సరాంతమునకు శస్త్రచికిత్సకు పోవు సంభావ్యత మందు పుచ్చుకొన్నవారిలో 25.8 శాతము, ఉప్పునీటివారిలో 24.8 శాతము. 2020లో కాక్రేను సమీక్షకులు 25 ప్రయోగములను, 2,470 మందిని కలిపి లెక్కింపగా, నూరు పాయింట్ల కొలమానమున స్వల్పకాలమున కాలినొప్పిలో తేలిన భేదము ఐదు మాత్రమే. ఇది వంచన యని త్రోసివేయువారును, ఒక్క సూదితో డిస్కు మానునని ప్రకటనలు వేయువారును ఇద్దరును అతిశయోక్తిపరులే యని నా అభిప్రాయము. బయటపడిన ముక్క పెక్కురలో మాసముల కొలది కాలమున తనంతట కరగును. భక్షకకణములు దానిని తిని హరించును. విచిత్రమేమనగా, ఏ శోథము నొప్పిని పుట్టించునో అదియే ముక్కను హరించు పనిలోను భాగస్వామి. అంతవరకు రోగి నిద్రపోగలుగుటకును, నాలుగడుగులు నడువగలుగుటకును కొన్ని వారముల వెసులుబాటు దొరికినచో అది చిన్న మేలు కాదు. కాని అంతకుమించినదియు కాదు.

వెల లేకపోలేదు. పూర్తిగా కరగని రేణువులుగల స్టెరాయిడు, వెన్నుపామునకు రక్తము తెచ్చు సన్నని ధమనిలోనికి పొరపాటున పోయినచో పక్షవాతము కలుగవచ్చును. అందుచేతనే నరము వెలికి వచ్చు రంధ్రముగుండ ఎక్కించునపుడు రేణువులు లేని డెక్సామెథాసోనును వాడుట, ఎక్స్-రే తెరపై రంగుద్రవముతో సూది నిలిచినచోటును ముందుగా చూచుకొనుట ఆచారమైనవి. 2012లో మసాచుసెట్సులోని యొక మందుల తయారీశాలనుండి శిలీంధ్రముతో కలుషితమైన స్టెరాయిడు సీసాలు వెడలి, అమెరికాలోని ఇరువది రాష్ట్రములలో 753 మంది రోగగ్రస్తులై 64 మంది మరణించిరి. వెన్నునందలి ఈ అవకాశములో స్టెరాయిడు వాడుటకు తాము ఆమోద మీయలేదని, దాని భద్రతయు ఫలమును నిర్ధారితములు కావని 2014లో అమెరికా ఔషధ నియంత్రణసంస్థ హెచ్చరించెను. వెసులుబాటునకే తావు లేని సందర్భ మొకటి కలదు: మూత్రము తెలియకుండ పోవుటయో అసలే రాకపోవుటయో సంభవించి, తొడల నడిమి భాగము మొద్దుబారినచో, డిస్కు ముక్క వెన్నుకాలువ అడుగున నరముల గుత్తి నంతటిని నలుపుచున్నదని అర్థము, అట్టి రోగిని సూదిమందుకై కూర్చుండబెట్టక, ఆ పూటనే శస్త్రచికిత్సకుని యొద్దకు చేర్చవలయును.