తుంటి పక్క నొప్పి – మంచం పట్టకండి



రాత్రి ఒత్తిగిలి పడుకుంటే తుంటి పక్కన సలుపు పుడుతోందా? మెట్లెక్కేటప్పుడు, చాలాసేపు నిలబడి వంట చేశాక, కూర్చుని లేచేటప్పుడు పోటు వస్తోందా? నలభై దాటిన ఆడవాళ్ళలో ఈ బాధ ఎక్కువ. “కీలు అరిగిపోయింది, ఇంక ఇంతే” అనుకుని నడక మానేసే అక్కయ్యలు, వదినలు మన ఖమ్మంలో, కొత్తగూడెంలో, పాల్వంచలో ఎందరో. ముందు భద్రాద్రి గుడి మెట్లు మానుకుంటారు, తరవాత బజారు మానుకుంటారు, చివరికి గడప దాటరు. నిజానికి ఈ నొప్పిలో చాలాసార్లు కీలు బాగానే ఉంటుంది.

అసలు సంగతేమిటో చూద్దాం. తుంటి పక్కన చెయ్యి పెట్టి చూసుకోండి, గట్టిగా ఒక ఎముక బుడిపె తగులుతుంది. పిరుదు కండరాలు స్నాయువులనే గట్టి పట్టీలతో దానికి అతుక్కుని ఉంటాయి. అక్కడ రాపిడి లేకుండా బర్సా అనే పల్చటి సంచులు ఉంటాయి. సంచి వాస్తే బర్సైటిస్ అంటారు. ఒకప్పుడు తప్పంతా ఈ సంచిదే అనుకునేవారు. స్కానింగులు వచ్చాక తెలిసిందేమిటంటే, ఎక్కువమందిలో చెడుతున్నది స్నాయువే. సంచి వాపు దానికి తోడు, కొందరిలో అదీ ఉండదు.

ఈ కండరాల పనేమిటంటారా? అడుగు వేసినప్పుడల్లా క్షణంపాటు ఒంటికాలిమీదే ఉంటాం కదా! అప్పుడు నడుము ఒరిగిపోకుండా పట్టి ఉంచేవి ఇవే. ఇవి బలహీనపడితే తుంటి పక్కకు జారి, స్నాయువు ఎముకమీద నలుగుతుంది. చంకన బిందె పెట్టుకున్న మనిషిని చూడండి, తుంటి ఒకవైపుకు తోసుకుని ఉంటుంది. బిందె పోయి కుళాయి వచ్చినా ఆ నిలబడే తీరు మనకు పోలేదు. పొయ్యి దగ్గర ఒంటికాలిమీద బరువు వేస్తాం, చంటిపిల్లను ఎప్పుడూ ఒకే వైపు ఎత్తుకుంటాం, కాలుమీద కాలు వేసుకుని కూర్చుంటాం. నలిగేది ఆ చోటే.

అందుకని మొదటి మందు ఈ అలవాట్లు మార్చుకోవడం. రెండు కాళ్ళమీద సమంగా నిలబడండి. మరీ పల్లపు పీట వదిలి కుర్చీ వేసుకోండి. నొప్పిలేని వైపు తిరిగి, మోకాళ్ళ నుంచి మడమల దాకా మధ్యన దిండు పెట్టుకుని పడుకోండి. ఖమ్మం నుంచి భద్రాచలం వంద కిలోమీటర్ల పైమాటే. బస్సు ఆగినచోటల్లా లేచి నాలుగడుగులు వెయ్యండి.

అడవి పక్క ఊళ్ళల్లో ఇప్పనూనెతో మర్దన చేస్తారు. మెత్తగా రాస్తే హాయే. కానీ బుడిపెమీద బొటనవేలితో పిసికినా, కాలిని అడ్డంగా లాగి సాగదీసినా నొప్పి ముదురుతుంది.

ఇక వ్యాయామం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, నడుము మెల్లగా పైకెత్తి దించండి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా నిదానంగా లేచి కూర్చోండి. వంటగట్టు పట్టుకుని పక్కకు అడుగులు వెయ్యండి. ఒక్కోటి అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచండి. కాస్త నొప్పి తెలిస్తే భయం లేదు. ఆ రాత్రి సలుపు పెరిగితే మాత్రం మర్నాడు తగ్గించండి. చదునైన నేలమీద ఓర్చుకోగలిగినంత నడవండి.

ఇంత చిన్న పనులతో తగ్గుతుందా అంటారేమో. ఆస్ట్రేలియాలో 204 మందిమీద చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కొందరికి అలవాట్లు, వ్యాయామం ఫిజియోథెరపిస్టులు నేర్పారు, కొందరికి స్టెరాయిడ్ సూది వేశారు, కొందరిని ఊరికే కనిపెట్టి చూశారు. ఎనిమిది వారాలకు మేలు కనిపించింది వ్యాయామం చేసినవారిలో నూటికి 77 మందికి, సూది వేసుకున్నవారిలో 58 మందికి, ఊరికే ఉన్నవారిలో 29 మందికి. ఏడాది తరవాత కూడా వ్యాయామం వాళ్ళే ముందున్నారు. సూది కొందరికి తొందరగా ఉపశమనం ఇస్తుంది. అయితే చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకు కొన్నాళ్ళు చక్కెర పెరుగుతుంది, డాక్టరుకు ముందే చెప్పాలి.

ఒక హెచ్చరిక. నొప్పి గజ్జల్లో ఉన్నా, మోకాలు దాటి తిమ్మిరిగా పాకినా, జ్వరమూ ఎరుపూ ఉన్నా, పడ్డాక కాలు మోపలేకపోయినా ఇంటి వైద్యం వద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి. మామూలు తుంటి పక్క నొప్పికైనా ఒక్కసారి ఫిజియోథెరపిస్టు ఎదుట ఈ వ్యాయామాలు చేసి చూపించి, తీరు సరిచేయించుకోవడం మేలు.

రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. వారానికే తగ్గలేదని వదిలెయ్యకండి. ఇవాళ పొయ్యి ముందు నిలబడ్డప్పుడు బరువు ఏ కాలిమీద ఉందో ఒకసారి చూసుకోండి. ఉంటాను, సెలవు.