ఒకసారి రాసిన అంకెను మళ్లీ రాయకుండా

పురుగుమందు డబ్బా మీద ఒక బ్యాచ్ నంబరు ఉంటుంది. స్టేషన్ ఘన్‌పూర్‌లోని ఎరువుల దుకాణంలో ఆ ఒక్క నంబరును ఎన్ని చోట్ల రాయాల్సి వస్తుందో చూడండి. డిస్ట్రిబ్యూటర్ పంపిన ఇన్‌వాయిస్‌లో అది ముందే అచ్చయి వస్తుంది. దాన్ని చూసి స్టాకు రిజిస్టరులో ఎక్కిస్తారు. రైతు కొన్నప్పుడు బిల్లులో రాస్తారు. ఉద్దెర అయితే ఆ బిల్లు ఖాతా పుస్తకంలోకి పోతుంది. తర్వాత ఇన్‌వాయిస్‌లు, బిల్లులు అన్నీ కట్టగట్టి అకౌంటెంటుకు ఇస్తే, ఆయన జీఎస్టీ కోసం ఆ లెక్కలను కంప్యూటరులో మరోసారి కొడతాడు. వానకాలం పనులు మొదలయ్యాక పగలంతా కౌంటరు దగ్గర ఊపిరి సలపదు కాబట్టి, ఈ ఎక్కించే పనంతా షట్టరు దించాకే మొదలవుతుంది.

చిన్న వ్యాపారి ఏఐని ఎక్కడ వాడుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు ఈ రాతకోతల్లోనే ఉంది. చాలామంది పండుగ పోస్టరు, శుభాకాంక్షల మెసేజీ చేయించుకుని అక్కడితో ఆగిపోతున్నారు. అవి ముచ్చటగానే ఉంటాయి గానీ, వాటివల్ల రాత్రి ఒక్క గంట కూడా మిగలదు. ఒకసారి రాసినదాన్ని మళ్లీ ఎక్కడెక్కడ రాస్తున్నామో పట్టుకుని, ఆ పనిని యంత్రానికి ఇవ్వాలి. నిర్ణయం తీసుకునే పనిని మాత్రం దుకాణదారే ఉంచుకోవాలి.

ఎరువుల దుకాణాన్నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఈ వ్యాపారంలో రాత తప్పించుకోలేనిది. విత్తనాలు కొన్న ప్రతి రైతుకూ బిల్లు ఇవ్వాలని 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. ఎరువులకు 1985 నాటి ఉత్తర్వు ఉంది. పత్తి గింజ మొలవకపోతే రైతు చేతిలో ఉండే ఆధారం లాట్ నంబరు వేసిన ఆ బిల్లే. సబ్సిడీ ఎరువులకు ఆధార్‌తో వేలిముద్ర వేసే పాస్ యంత్రం 2018 నుంచే కౌంటరు మీదికి వచ్చింది. 45 కిలోల యూరియా బస్తాను 266 రూపాయల 50 పైసలకు అమ్మినా దాని లెక్క ఆ యంత్రంలో పడాల్సిందే. అంటే రాయడం మానేసే వీలు లేదు. ఒకసారి రాసినదే మిగతా చోట్లకు దానంతట అది వెళ్లేలా చూసుకోవడమే దారి.

ఫోన్‌తో ఇన్‌వాయిస్‌ను ఫోటో తీసి చాట్‌జీపీటీకో జెమినికో ఇస్తే అందులోని వరుసలను పట్టికగా మార్చి ఇస్తుంది. దాన్ని ఎక్సెల్‌లోకి తెచ్చుకోవచ్చు. అడిగే తీరులోనే సగం ఫలితం ఉంటుంది. "ఈ బిల్లు రాసిపెట్టు" అంటే చాలదు. "ఈ ఫోటోలో ఉన్న ప్రతి సరుకుకూ పేరు, ప్యాకింగ్ సైజు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఎన్ని, ఒక్కోదాని ధర, మొత్తం వేరువేరు గడుల్లో రాయి. స్పష్టంగా కనబడని చోట ప్రశ్నార్థకం పెట్టు, ఊహించి రాయకు" అని తెలుగులోనే అడగండి. ఆ చివరి మాటను మాత్రం మరిచిపోవద్దు.

ఎందుకంటే ఈ యంత్రం నడిచే తీరే అంచనా మీద. కోట్ల కొద్దీ రాతలు చూసి, ఈ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టడం నేర్చుకుంది. తెలియదని చెప్పడానికి మొహమాటపడే కొత్త గుమస్తా లాంటిది ఇది. కాగితం మసకగా ఉన్నా నమ్మకంగా ఒక అంకె వేసేస్తుంది. 20 డబ్బాలను 26 అని చదివిందనుకుందాం. డబ్బా ధర 385 రూపాయలైతే 26 డబ్బాలకు 10,010 కావాలి, ఇన్‌వాయిస్‌లో మాత్రం 7,700 ఉంది. తప్పు అక్కడే దొరికిపోతుంది. కాబట్టి ధరను సంఖ్యతో హెచ్చవేసి మొత్తంతో పోల్చే సూత్రం ఒకటి ఎక్సెల్‌లో పెట్టుకోవాలి. ఆ సూత్రాన్ని ఏఐతోనే రాయించుకోవచ్చు. లెక్క మాత్రం ఎక్సెల్ చేయాలి. పెద్ద పట్టికను చాట్‌లో పెట్టి కూడమంటే ఒక్కోసారి తప్పుతుంది, సూత్రం తప్పదు.

బ్యాచ్ నంబరుకూ గడువు తేదీకీ ఇలాంటి కాపలా లేదు. 8ని 3గా చదివినా ఏ కూడికా దాన్ని పట్టించదు. ఈ రెండు గడులనూ డబ్బా పక్కన పెట్టుకుని కంటితో సరిచూడాల్సిందే. యంత్రం ఎక్కించిన పదిహేను వరుసలను కంటితో చూసుకోవడానికి, ఆ పదిహేనింటినీ చేత్తో రాయడానికి మధ్య ఉన్న తేడాయే మనకు మిగిలే సమయం. అంతకు మించి ఆశపడి చూడకుండా వదిలేస్తే నష్టం మనకే.

గడువు తేదీలు ఒకసారి పట్టికలోకి చేరాయంటే వాటి ఉపయోగం చాలా ఉంది. గడువు దాటిన మందు అమ్మడం నేరం, వెనక్కి పంపలేకపోతే పెట్టుబడి పోయినట్టే. రాబోయే తొంభై రోజుల్లో గడువు తీరే డబ్బాలు ఎర్రగా కనబడేలా సూత్రం పెట్టించుకుంటే, అటకమీద వెనక వరుసలో ఉండిపోయిన సరుకు ముందే గుర్తుకొస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడటానికి వ్యవధి దొరుకుతుంది.

జీఎస్టీ దగ్గర ఇంకో మేలు ఉంది. 2022 జనవరి 1 నుంచి, సరుకు పంపినవాళ్లు తమ రిటర్నులో ఆ ఇన్‌వాయిస్‌ను చూపి, అది మన జీఎస్టీఆర్-2బీ నివేదికలో కనిపిస్తేనే మనం కట్టిన పన్ను మనకు జమ అవుతుంది. కొన్న సరుకు పట్టికనూ 2బీనీ పక్కపక్కన పెట్టి ఏ ఇన్‌వాయిస్ రాలేదో వెతకడం ఓపికను పరీక్షించే పని. ఇన్‌వాయిస్ నంబరును బట్టి రెండింటినీ సరిపోల్చే సూత్రం రాయించుకుంటే తేలని వరుసలు మాత్రమే మిగులుతాయి. అప్పుడు ఫోన్ ఎవరికి చేయాలో తెలుస్తుంది.

ఇక ఫోన్ల సంగతి. 2025 ఆగస్టులో యూరియా కోసం తెలంగాణ అంతటా రైతులు బారులు తీరిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. "సేటూ, యూరియా వచ్చిందా?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఆ రోజుల్లో ఒక మనిషి కావాలి. దీనికి అసలు ఏఐ అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్‌లో దుకాణం మూసి ఉన్నప్పుడు దానంతట అది వెళ్లే సందేశం పెట్టుకోవచ్చు, తరచూ ఇచ్చే జవాబులను దాచుకుని ఒక్క గుర్తుతో పంపొచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాతో ఒకే కబురు అందరికీ వెళ్తుంది, అయితే మన నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. చదవలేని పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి రాతతో పాటు "కాకా, రేపు పొద్దుగాల లోడ్ వస్తది, పట్టా పాస్‌బుక్, ఆధార్ పట్టుకొని రాండ్రి" అని దుకాణదారే సొంత గొంతుతో పంపడం మంచిది. యంత్రం గొంతు కంటే తెలిసిన గొంతునే జనం నమ్ముతారు.

రైతు పంపే వాయిస్ మెసేజీలను రాతలోకి మార్చుకోవచ్చు. ఇక్కడ జాగ్రత్త కావాలి. "రెండు ఇరవై ఎనిమిది ఇరవై ఎనిమిది" అంటే 28-28 కాంప్లెక్స్ ఎరువు రెండు బస్తాలని ఘన్‌పూర్‌లో ఎవరినడిగినా చెబుతారు. యంత్రం దాన్ని 28 బస్తాలుగా రాసినా ఆశ్చర్యం లేదు. దుకాణంలో వాడే ఎరువుల పేర్లన్నీ ఒక జాబితాగా ముందే ఇచ్చి, అందులోంచే ఎంచుకోమంటే తప్పులు బాగా తగ్గుతాయి.

తెలుగులో ఇలాంటివి నడవవని అనుకునేవాళ్లకు ఖమ్మం జిల్లా ఉదాహరణ ఉంది. తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనమిక్ ఫోరం కలిసి తెచ్చిన సాగు బాగు ప్రాజెక్టును 2022లో డిజిటల్ గ్రీన్ సంస్థ అక్కడ అమలు చేసింది. దాదాపు 7,000 మంది మిర్చి రైతులకు వాట్సాప్‌లో తెలుగు చాట్‌బాట్ ద్వారా సలహాలు అందాయి. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో 161 ప్రభుత్వ సేవలతో మన మిత్ర వాట్సాప్‌లోనే మొదలైంది. జనం చేతిలో ఉన్న యాప్‌లోకే పని నడిచి వచ్చింది కాబట్టే ఇవి సాధ్యమయ్యాయి. కొత్త యాప్ దించుకోమని రైతును అడిగే దుకాణదారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సాగు బాగులో సలహాల వెనక వ్యవసాయం తెలిసిన సంస్థ ఉంది. దుకాణంలో మనం తెరిచే మామూలు చాట్‌కు ఆ వెన్నుదన్ను లేదు. మొగి పురుగుకు ఎకరాకు ఎంత మందు కొట్టాలో దాన్ని అడిగి రైతుకు చెప్పడం మహా ప్రమాదం. మోతాదు డబ్బా మీది లేబుల్ చెప్పాలి, లేదా వ్యవసాయాధికారి చెప్పాలి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పన్ను రేట్ల విషయంలోనూ అంతే. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారి కొన్ని జీవ పురుగుమందులు 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. పాత రాతలు చదివి నేర్చుకున్న యంత్రం ఇంకా 12 అనే చెప్పవచ్చు. రైతుల ఆధార్ నంబర్లు, పాస్‌బుక్ ఫోటోలు దానికి అసలు చూపించకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి అటుంచినా, ఊరు మనల్ని నమ్మి ఇచ్చిన కాగితాలవి.

అన్నిటికంటే సున్నితమైనది ఉద్దెర. ఎవరు ఎంత బాకీ ఉన్నారో, ఎన్ని రోజులైందో పట్టిక చెబుతుంది. మర్యాదగా గుర్తుచేసే నాలుగు వాక్యాలు ఏఐ రాసిపెడుతుంది. దాన్ని తేదీ రాగానే తనంతట తాను పంపేలా మాత్రం పెట్టకండి. వడ్లు కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యి ఇంకా పైసలు పడని రైతుకు, తడిసిన పత్తిని ఇంట్లో పోసుకుని కూర్చున్న రైతుకు, ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉన్న రైతుకు ఒకే రోజు ఒకే సందేశం వెళ్లకూడదు. ఎవరికి పంపాలి, ఎవరికి ఇంకో నెల ఆగాలి అన్నది ఏ పట్టికలోనూ లేని సమాచారంతో తేలే విషయం. ఆ పేర్లను దుకాణదారే ఒక్కొక్కటిగా చూసుకోవాలి. మిగిలిన సమయాన్ని ఇలాంటి చోట ఖర్చుపెడితేనే దానికి విలువ.

మొదలుపెట్టడానికి వానకాలం సీజను నడిమధ్య మంచి సమయం కాదు. మే నెలలో, ఒకే డిస్ట్రిబ్యూటర్ ఇన్‌వాయిస్‌లతో, ఉచిత ఖాతాతోనే మొదలుపెట్టవచ్చు. చేతి రిజిస్టరును ఒక సీజను పాటు అలాగే నడపాలి, తనిఖీకి వచ్చే అధికారికి చూపాల్సింది కూడా అదే. పట్టిక గీసుకునే ముందు అకౌంటెంటుకు ఒక ఫోన్ చేయండి. తన సాఫ్ట్‌వేరులోకి నేరుగా ఎక్కడానికి ఏ గడి తర్వాత ఏ గడి ఉండాలో, తేదీ ఏ రూపంలో కావాలో అడిగి అదే వరుసలో పెట్టుకుంటే, మీ దగ్గర తయారైన ఫైలును ఆయన మళ్లీ కొట్టాల్సిన పని ఉండదు.