మీకు తెలుసా? పొట్టి సూత్రం, పొడుగు సూత్రం

హిందూ శాస్త్రాల్లో సూత్రం ఎంత పొట్టిగా ఉంటే అంత గొప్ప. బౌద్ధంలో ఒక్కో సూత్రం పేజీలకు పేజీలు సాగుతుంది. రెండింటి పనీ ఒకటే: నోటితో నేర్చుకునే రోజుల్లో గురువు మాట పొల్లుపోకుండా శిష్యుడికి అందాలి. పట్టిన దారులే వేరు.

● అర మాత్రకే పండగ
అక్షరాలు తక్కువగా ఉండాలి. సందేహానికి తావుండకూడదు. సారం ఉండాలి. వర్తించాల్సిన చోటల్లా వర్తించాలి. ఊతపదాలు పనికిరావు. తప్పుపట్టే వీలుండకూడదు. మంచి సూత్రానికి పెద్దలు చెప్పిన ఆరు లక్షణాలివి. అర మాత్ర మిగిలినా చాలు, కొడుకు పుట్టినంత సంబరపడతారని వ్యాకరణ పండితుల మీద ఓ పాత చమత్కారం ఉంది.

● అచ్చులు, హల్లులు ఎక్కడివి?
పాణిని అష్టాధ్యాయిలో 8 అధ్యాయాలు, 32 పాదాలు, దాదాపు 4,000 సూత్రాలు. ఒక సూత్రంలో చెప్పిన మాటను తర్వాతి సూత్రాల్లో ఆయన మళ్లీ చెప్పడు. చదివేవాడే పైనుంచి తెచ్చుకోవాలి. దీన్ని అనువృత్తి అంటారు. అందుకే చాలా సూత్రాలు విడిగా తీసి చదివితే అర్థంకావు. ధ్వనుల గుంపులకు కూడా పొట్టి సంకేతాలు పెట్టాడు: స్వరాలన్నీ కలిపి 'అచ్', వ్యంజనాలన్నీ కలిపి 'హల్'. మన పిల్లలు బడిలో చెప్పే అచ్చులు, హల్లులు ఆ సంకేతాల నుంచి వచ్చినవే.

● గ్రంథం ఒకటే, దర్శనాలు మూడు
శంకరుల పాఠం ప్రకారం బ్రహ్మసూత్రాలు 555. చాలావాటిలో క్రియాపదమే కనబడదు. ఏ ఉపనిషత్తులోని ఏ మాట మీద చర్చ జరుగుతోందో కూడా తరచూ సూత్రంలో ఉండదు. ఆ ఖాళీలు పూరించాల్సింది భాష్యకారుడే. అలా ఇదే గ్రంథం ఆధారంగా శంకరులు అద్వైతాన్ని, రామానుజులు విశిష్టాద్వైతాన్ని, మధ్వులు ద్వైతాన్ని నిలబెట్టారు.

● ప్రవరలో సూత్రం పేరు
తెలుగునాట కృష్ణ యజుర్వేదం చదివే బ్రాహ్మణ కుటుంబాల్లో చాలామంది ప్రవర చెప్పేటప్పుడు గోత్రంతో పాటు ఆపస్తంబ సూత్రాన్నీ చెప్పుకుంటారు. ఆ ఇంట ఉపనయనం, పెళ్లి ఏ ఋషి చెప్పిన పద్ధతిలో జరుగుతాయో తెలిపే మాట అది. ఇలా కర్మల పద్ధతి చెప్పేవి కల్పసూత్రాలు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాలూ ఆ కుటుంబంలోవే. రెండు వర్గమూలానికి వాటిలో ఇచ్చిన విలువ ఐదు దశాంశ స్థానాల వరకు సరిపోతుంది.

● మళ్లీ మళ్లీ చెప్పడమే పట్టు
ఇక బౌద్ధం సంగతి. పాళీలో సూత్రాన్ని సుత్త అంటారు. దీఘ నికాయంలో 34, మజ్ఝిమ నికాయంలో 152 సుత్తలున్నాయి. బుద్ధుని పరినిర్వాణం తర్వాత రాజగృహంలో భిక్షువులు సమావేశమైనప్పుడు ఆనందుడు తాను విన్నవి విన్నట్టు వల్లించాడని సంప్రదాయం. సుత్తలు సాధారణంగా 'నేనిలా విన్నాను' అనే అర్థం వచ్చే మాటతో మొదలయ్యేది అందుకే. వాటిలో అవే వాక్యాలు పదేపదే వస్తాయి. కలిసి వల్లించే భిక్షువులకు ఆ పునరుక్తే ఆసరా. రాతప్రతుల కాలం వచ్చాక లేఖకులు ఓపిక పట్టలేక, మళ్లీ వచ్చే భాగాల చోట 'పే' అని రాసి ముందుకు సాగిపోయారు.

● అచ్చులో తేదీ
అచ్చయిన తేదీతో సహా మనకు దక్కిన పుస్తకాల్లో అన్నిటికన్నా పాతది ఒక బౌద్ధ సూత్రమే. కుమారజీవుడు చైనా భాషలోకి అనువదించిన వజ్రచ్ఛేదిక అది. చెక్క దిమ్మెలతో ముద్రించిన ఈ కాగితపు చుట్ట మీద ఉన్న తేదీ క్రీ.శ. 868 మే 11కు సరిపోతుంది. తల్లిదండ్రుల పుణ్యం కోసం వాంగ్ జీ అనే ఆయన దీన్ని ఉచితంగా పంచడానికి వేయించాడు. దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

● లక్ష శ్లోకాల నుంచి ఒక్క అక్షరానికి
బౌద్ధుల ప్రజ్ఞాపారమిత సూత్రాల్లో 8,000 శ్లోకాల పరిమాణంలో ఒకటి, 25,000 శ్లోకాలతో ఇంకొకటి, ఏకంగా లక్ష శ్లోకాలతో మరొకటి ఉన్నాయి. అయితే టిబెటన్ల కాంగ్యూర్ సంపుటాల్లో ఇదే పేరుతో ఓ బుల్లి సూత్రం కూడా ఉంది. ముందూ వెనకా నాలుగు మాటలు తీసేస్తే అందులోని బోధంతా 'అ' అనే ఒక్క అక్షరమే! అన్నట్టు, పాణిని చివరి సూత్రంలో ఉన్నదీ 'అ' అక్షరమే, రెండుసార్లు. నియమాలు కుదరడం కోసం అప్పటిదాకా దాన్ని 'ఆ'లాగే నోరు బాగా తెరిచి పలికే ధ్వనిగా లెక్కలోకి తీసుకుని, పుస్తకం ముగిస్తూ అసలు పలికే తీరుకు తెచ్చి సరిచేశాడు.