పాత బండి – కొత్త పరుగు

అన్నూరు నాలుగు రోడ్ల కూడలిలో నిలుచుంటే వాహనాలకు కొదువ లేదు. కోయంబత్తూరు నుండి సత్యమంగలం పోయే రహదారి, అవినాశి నుండి మేట్టుపాళయం పోయే దారి ఇక్కడ కలుస్తాయి. మిల్లు బస్సులు, దూది బేళ్ళు మోసే లారీలు, పాలక్యాన్లు కట్టుకొన్న మోటారు సైకిళ్ళు ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉంటాయి. వీటి నడుమ ఎప్పుడైనా ఒక వింత బండిని మీరు చూచి ఉంటారు. దాని హ్యాండిలు క్రిందికి వంగి ఉంటుంది. సీటు ఒక్కరికే సరిపోతుంది, సీటు చివర చిన్న గూనివంటిది ఉంటుంది. పెట్రోలు ట్యాంకు పొడుగు. కాళ్ళు పెట్టుకొనే కమ్ములు ముందు కాక వెనుకకు ఉంటాయి. నడిపేవాడు ట్యాంకు మీద బోర్లపడుకొన్నట్లు వంగి కూర్చుంటాడు. ఈ రకం బండిని కెఫే రేసర్ అంటారు. దీనిని అంగడిలో కొనడం కంటె పాతబండిని విప్పి ఇంటివద్ద తయారు చేసికోవడమే అసలైన అలవాటు.

కెఫే అంటే కాఫీ, టీ దొరికే హోటలు. మోటారు సైకిలుకు హోటలు పేరు ఎలా వచ్చింది? రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, 1950, 1960లలో, ఇంగ్లండులో పనిపాటలు చేసికొనే యువకుల చేతికి కొద్దిగా డబ్బు వచ్చింది. కారు కొనేంత కాదు, పాత మోటారు సైకిలు కొనేంత. సాయంకాలం వారు రహదారి ప్రక్కన ఉన్న హోటళ్ళలో చేరేవారు. లండను నగరంలో ఉత్తర వలయ రహదారి మీద 1938లో తెరచిన ఏస్ కెఫే వీటిలో పేరుపొందినది. అక్కడినుండి మరొక హోటలుకు పందెం వేసికొని పరుగెత్తేవారు. హోటలులో గ్రామఫోను రికార్డు పెట్టి, ఆ పాట ముగిసేలోగా పోయి తిరిగి రావాలని పందెం కట్టేవారని కూడ చెబుతారు. గంటకు నూరు మైళ్ళు, అనగా 160 కిలోమీటర్లు, అందుకోవడం వారికి గొప్ప. ఆ గొప్పకు చేతులు, కాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకొన్న పిల్లలు కొందరు కాదు. ఏస్ కెఫే 1969లో మూతపడి, 2001లో మళ్ళీ తెరవబడింది.

ఆ పిల్లలు పందెపు బండ్లు కొనలేరు. కనుక ఉన్న బండినే మార్చుకొన్నారు. బరువు తగ్గించడానికి అక్కరలేని భాగాలు తీసివేశారు. గాలికి ఎదురు తక్కువగా ఉండటానికి హ్యాండిలు దించారు. కొందరు ఒక కంపెనీ ఇంజనును మరొక కంపెనీ చాసీలో అమర్చారు. ట్రయంఫ్ ఇంజను, నార్టన్ చాసీ కలిపిన బండికి రెండు పేర్లూ కలిపి ట్రైటన్ అని పేరు పెట్టారు. తరువాత కంపెనీలే ఈ ఆకారంలో బండ్లు చేయడం మొదలుపెట్టాయి. ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1960లలో కాంటినెంటల్ జి.టి. అనే బండిని అమ్మింది. అదే పేరుతో 2013లో మన చెన్నైలో తయారైన బండి వెలువడింది.

ఇంగ్లండు పిల్లలు హోటలు ముందు బండ్లు పరుగెత్తించడానికి సుమారు నలభై ఏండ్ల ముందే, కోయంబత్తూరు సీమ తెలుగువాడొకడు మోటారు సైకిలు కోసం హోటలులో చేరాడు. అయితే కాఫీ త్రాగడానికి కాదు, వడ్డించడానికి.

ఆయన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జి.డి. నాయుడు అంటేనే అందరికీ తెలుస్తుంది. సూలూరు దగ్గరి కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1893 మార్చి 23న పుట్టాడు. బడిచదువు ఎక్కువగా సాగలేదు. ఒకనాడు ఆంగ్లేయ అధికారి ఒకడు ఎక్కివచ్చిన మోటారు సైకిలు ఆయన కంటబడింది. అది రడ్జ్ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, అయినా పరుగెత్తుతున్నది! దానిని ఎలాగైనా పొందాలనే కోరికతో ఊరు విడిచి కోయంబత్తూరు చేరాడు. హోటలులో సర్వరుగా పనిచేస్తూ పైసాపైసా కూడబెట్టాడు. సుమారు మూడు వందల రూపాయలు చేరిన తరువాత బండిని కొన్నాడు.

కొన్నవాడు దానిని ఎక్కి ఊరేగి ఉంటే ఆ కథ అంతటితో ముగిసేది. ఆయన బండిని విప్పాడు. భాగం భాగంగా విప్పి, చూచి, మళ్ళీ కూర్చాడు. మూడు వందలు పెట్టిన వస్తువును ముక్కలుగా నేలమీద పరచడానికి ఎంత గుండెధైర్యం కావాలో ఆలోచించండి. తిరిగి కూర్చలేకపోతే ఏండ్ల కష్టం ఇనుపముక్కలపాలే. అప్పట్లో ఈ ప్రాంతంలో అడిగి తెలుసుకొనేందుకు మెకానిక్కులు వీధివీధికీ లేరు.

ఆ రోజుల రడ్జ్ బండి నేటి బండికంటె సరళమైనది. ఒకే సిలిండరు. ఇంజను శక్తి వెనుకచక్రానికి చైను ద్వారా కాక బెల్టు ద్వారా పోయేది. సరళమైనది కాబట్టే, విప్పినవాడికి దాని లోగుట్టు తెలిసింది. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి సిలిండరులో మండడం, ఆ వేడికి వాయువు పొంగి పిస్టనును నెట్టడం, పిస్టను ముందువెనుకల కదలిక చక్రపు గిరగిరగా మారడం – బస్సుకైనా, బావిమీది ఆయిలు ఇంజనుకైనా ఇంతే కదా! 1920లో నాయుడు పొల్లాచి, పళని ఊళ్ళ మధ్య ఒక బస్సు నడపడం మొదలుపెట్టాడు. అది పెరిగి పెద్ద రవాణాసంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులో విద్యుత్ మోటారు తయారుచేశాడు. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం ఏర్పడటానికి తోడ్పడ్డాడు. 1974లో కన్నుమూశాడు.

ఇక ఈనాడు ఇంటివద్ద బండిని ఎలా మారుస్తారో చూద్దాం.

మొదట తగిన బండి కావాలి. మనవైపు బుల్లెట్, యెజ్డీ, యమహా ఆర్.ఎక్స్. 100 వంటి పాతబండ్లను దీనికి ఎక్కువగా ఎంచుకొంటారు. అన్నూరు నుండి సత్యమంగలం దాటి, దింబం కొండదారి ఇరవై ఏడు మలుపులు ఎక్కి, ఇంకా పోతే మైసూరు వస్తుంది. యెజ్డీ బండ్లు 1996 వరకు ఆ మైసూరులోనే తయారయ్యాయి. బుల్లెట్ 1955 నుండి మద్రాసులో తయారవుతూ వచ్చింది. బండి ఎంత చౌకగా దొరికినా, రిజిస్ట్రేషను పుస్తకంలోని ఇంజను సంఖ్య, చాసీ సంఖ్య బండిమీది సంఖ్యలతో సరిపోవాలి. సరిపోని బండిని ముట్టుకోకపోవడమే మంచిది.

విప్పడం తేలిక, కూర్చడం కష్టం అని మెకానిక్కులు ఊరికే అనరు. కనుక విప్పేటప్పుడే కూర్పుకు సిద్ధపడాలి. ముందుగా బ్యాటరీ తీగ తీసివేసి, ఆరుబయట, నిప్పుకు దూరంగా, ట్యాంకులోని పెట్రోలును డబ్బాలోకి వంపుతారు. ఒక్కొక్క భాగం తీసేముందు ఫోటో తీస్తారు, లేదా కాగితం మీద బొమ్మ గీసికొంటారు. ఏ భాగపు బోల్టులు ఆ భాగానికి వేరు డబ్బాలో వేసి, పేరు వ్రాసి అంటిస్తారు. త్రుప్పుపట్టిన నట్టును బలంకొద్దీ త్రిప్పితే తల తెగుతుంది. దానిమీద కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఓర్చుకొంటే మరునాడు తానే వదులుతుంది.

ఇంజను సంగతి తరువాత. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. బుల్లెట్ 350 సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణించే దూరం 90 మిల్లీమీటర్లు. వ్యాసార్ధం 3.5 సెంటీమీటర్లు. వృత్త వైశాల్యాన్ని 9 సెంటీమీటర్లతో గుణిస్తే సుమారు 346 ఘనసెంటీమీటర్లు వస్తుంది. బండి పేరులోని 350 ఈ లెక్కనుండి వచ్చినదే. ఏండ్లతరబడి రాపిడికి సిలిండరు గోడ అరిగి, పిస్టనుకూ గోడకూ నడుమ సందు పెరుగుతుంది. అప్పుడు మండిన వాయువు ఆ సందున జారిపోయి బలం తగ్గుతుంది, ఆయిలు మండి నీలిపొగ వస్తుంది. దీనికి మందు, లేతు పనివానివద్ద సిలిండరును కొద్దిగా తొలిపించి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టను వేయించడం. మిల్లీమీటరులో నాలుగవవంతు తేడాతో ఇట్టి పిస్టనులు దొరుకుతాయి. మిల్లుయంత్రాలు, పంపుసెట్లు తయారయ్యే సీమ కనుక, ఇట్టి పని తెలిసిన చేతులు కోయంబత్తూరు చుట్టూ వెదకనక్కరలేదు.

కార్బురేటరును విప్పి శుభ్రం చేయాలి. అందులోని జెట్టు రంధ్రం వెంట్రుకవాసి. దానిలో ఇనుపతీగ దూర్చి కెలికితే రంధ్రం పెద్దదై, పెట్రోలు పాళ్ళు తప్పుతాయి. గాలి ఊదడమే సరియైన పద్ధతి.

ఆ తరువాతనే ఆకారం మార్చడం. హ్యాండిలును ఎందుకు దించాలి? నిటారుగా కూర్చున్న మనిషి ఎదురుగాలికి తలుపువలె అడ్డుపడతాడు. వేగం రెండింతలైతే గాలి ఎదురు నాలుగింతలు అవుతుంది. దానిని గెలవడానికి ఇంజను ఎనిమిదింతల శక్తి ఖర్చుచేయాలి. వంగి కూర్చుంటే గాలికి తగిలే మేను తగ్గుతుంది. చేతులు ముందుకు, క్రిందికి పోయినప్పుడు కాళ్ళు ముందే ఉంటే బరువంతా మణికట్టుల మీద పడి నొప్పిచేస్తుంది. అందుకే కాలికమ్ములను వెనుకకు జరుపుతారు. కాలికమ్ములతోపాటు బ్రేకు పెడలును, గేరు కడ్డీని కూడ జరపవలసివస్తుంది. ఇక్కడనే చాలామంది తొందరపడతారు. అద్దె వెల్డింగుతో అతికించిన బ్రేకు కడ్డీ, బండి నిలిచి ఉన్నంతసేపు బాగానే కనిపిస్తుంది. అది తెగేది వేగంలో, సరిగా అవసరం వచ్చినప్పుడు. తెలిసిన పనివాడిచేత చేయించవలసిన పనిని ఇంటివద్ద చేయకూడదు.

క్రొత్త హ్యాండిలు బిగించిన పిమ్మట ఇంజను నడుస్తుండగా దానిని ఎడమకు, కుడికి పూర్తిగా త్రిప్పి చూస్తారు. త్రిప్పినప్పుడు ఇంజను శబ్దం తానుగా పెరిగితే, తీగ పొడుగు చాలక లాగబడుతున్నదని గుర్తు. మలుపులో అదే జరిగితే బండి మన మాట వినదు.

మరికొందరు సైలెన్సరు ఊడదీసి, పెద్ద శబ్దమే పెద్ద వేగం అనుకొంటారు. ఇది పొరపాటు. యెజ్డీ, ఆర్.ఎక్స్. 100 వంటి టూస్ట్రోకు బండ్లలో సైలెన్సరు ఇంజనుకు ఒక అవయవం వంటిది. దాని ఆకారం వలన వెనుకకు మరలే పీడనం మండని పెట్రోలును తిరిగి సిలిండరులోకి నెడుతుంది. తీసివేస్తే శబ్దం మిగులుతుంది, బలం పోతుంది, ఇరుగుపొరుగు నిద్రా పోతుంది.

వెనుకచక్రం ప్రక్కన ఉండే కమ్మీ ఆకారానికి అడ్డమని పీకివేయడం కూడ వాడుకే. వెనుక కూర్చున్నవారి చీర, పంచె చక్రపు ఊచలలో చిక్కకుండా పెట్టినది అది. వెనుక కూర్చునేవారి రక్షణకై అట్టి అడ్డు ఉండాలని మన మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. అంతేకాదు, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం, తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషనులో చేరిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు కూడ 2019 జనవరిలో ఈ సంగతిని ధ్రువపరచింది. కనుక చాసీ కోయడం, వేరే ఇంజను పెట్టడం వంటి పనులు చేసిన బండి వీధిలోకి రాకూడదు. సీటు, రంగు, శుభ్రమైన ఇంజను – ఇంతతో తృప్తిపడేవారు కూడ మంచి బండ్లు చేస్తున్నారు. ఏ మార్పుకైనా ముందు ప్రాంతీయ రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

నిజంగా పరుగే కావాలంటే దానికి వేరే చోటు ఉన్నది. కోయంబత్తూరు లక్ష్మీ మెషిన్ వర్క్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివరదన్, మారుతి 800 కారు ఇంజనుతో తక్కువ ఖర్చులో పందెపు కార్లు తయారుచేసి, డబ్బు లేని యువకులకు పోటీలో చోటు కల్పించాడు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు. కోయంబత్తూరుకు దక్షిణాన చెట్టిపాళయంలో ఉన్న పరుగుబాట ఆయన పేరుతోనే కరి మోటార్ స్పీడ్‌వే అని వెలసింది. అక్కడ ఎదురువచ్చే లారీ లేదు, దాటబోయే మేక లేదు, బడినుండి వచ్చే పిల్లలు లేరు.

కూర్పు ముగిసిన బండిని మొదటిసారి నడిపేటప్పుడు దూరం పోరు. నెమ్మదిగా నాలుగైదు కిలోమీటర్లు నడిపి, ఇంజను చల్లారిన పిదప ప్రతి నట్టునూ మళ్ళీ స్పానరుతో పరీక్షిస్తారు. క్రొత్తగా బిగించినవి అదురుకు వదులుతాయి. బ్రేకు, చైను, చక్రపు ఇరుసు ముందు, తక్కినవి తరువాత. అంతా సరిచూచిన తరువాత డబ్బాల వంక చూస్తారు. ఏ డబ్బాలోనైనా ఒక్క నట్టు మిగిలి ఉంటే, బండిని మళ్ళీ స్టాండు వేసి, అది ఎక్కడిదో తెలిసేవరకు విప్పవలసిందే.