స్టేజి మీది పిల్లల ఫొటోలు షేక్ కాకుండా రావాలంటే



నిరుటి వార్షికోత్సవం ఫొటోలు చూసి మీలో చాలామంది ఒకే మాట అన్నారు: "ప్రోగ్రాం మంచిగ జరిగింది గానీ, ఫొటోలేంది ఇట్లున్నయి?" నిజమే. బాల్కొండ ఫంక్షన్ హాల్లో ఆ రాత్రి వందకు పైగా ఫొటోలు తీశాం. ముఖం స్పష్టంగా కనిపించేవి ఇరవై కూడా లేవు. నాత్ చదివిన ఒక పాప తండ్రి దుబాయ్‌లో పని చేస్తాడు. బిడ్డ స్టేజి ఎక్కిన ఫొటో పంపమని ఫోన్ చేశాడు. మా దగ్గర ఉన్నది ఒక్కటే. అందులో మైకు స్పష్టంగా ఉంది, పాప ముఖం మసకగా ఉంది. ఆ పాప ఇంకా ఎన్నో నాత్‌లు చదువుతుంది, కానీ మొదటిసారి స్టేజి ఎక్కిన రోజు మళ్లీ రాదు. తప్పు మాదే. అందుకే ఈ ఏడాది ఫొటోలు తీయడం తెలిసినవాళ్లను అడిగాం, ఖాళీ హాల్లో తీసి చూశాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. మీ పిల్లల స్కూల్ డేకి, ముషాయిరాకి కూడా పనికొస్తుంది.

ఫొటో ఎందుకు షేక్ అవుతుంది?

మన కంటికి హాల్ వెలుగుగానే కనిపిస్తుంది. కెమెరాకు మాత్రం అది చీకటే. తగినంత వెలుగు కోసం అది షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో 15వ వంతు తెరిచి ఉంచితే, ఆలోపు పాప తల ఊపుతుంది, చెయ్యి ఎత్తుతుంది. ఆ కదలికంతా ఫొటోలో మసకగా పడుతుంది. స్టాండు వాడినా, చేతి వణుకు తగ్గించే ఏర్పాటు లెన్స్‌లో ఉన్నా, అవి మన చేతి కదలికనే ఆపుతాయి. స్టేజి మీది మనిషి కదలికను ఆపలేవు.

కాబట్టి ముందు షట్టర్ వేగాన్ని మనమే పెట్టుకోవాలి. కెమెరా డయల్ మీద 'ఎస్' లేదా 'టీవీ' అని ఉండేది అందుకే. మైకు ముందు నిలబడి మాట్లాడేవారికి 1/100 చాలు. నాత్, ఖిరాత్ చదివే పిల్లలకు 1/125 పెట్టాలి. నాటికకు, యాక్షన్ సాంగ్‌కు 1/250 కన్నా తగ్గకూడదు.

వెలుగు ఎక్కడి నుంచి తేవాలి?

షట్టర్ తొందరగా మూసుకుంటే లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి రెండు దారులున్నాయి. మొదటిది లెన్స్. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌ను జూమ్ చేస్తే దాని ద్వారం ఎఫ్ 5.6 దాకా కుంచించుకుపోతుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్‌లో దానికి దాదాపు పది రెట్లు వెలుగు వస్తుంది. ఆ లెన్స్‌కు జూమ్ ఉండదు, మనమే ముందు వరుసకు వెళ్లాలి. ఫోకస్ తేడా వస్తే ఊరుకోదు, అందుకే ఫోకస్ చుక్క ఒక్కటే పెట్టుకుని దాన్ని కంటి మీద ఉంచాలి.

రెండోది ఐఎస్ఓ. దాన్ని 1600, 3200, అవసరమైతే 6400 దాకా పెంచవచ్చు. ఫొటోలో ఇసుక చల్లినట్టు గరుకుదనం వస్తుంది. నిరుడు దానికి భయపడే మేం 400 దగ్గర ఆగిపోయాం. అసలు పొరపాటు అక్కడే జరిగింది. గరుకుగా ఉన్న ఫొటోలో పాప నవ్వు కనిపిస్తుంది, అచ్చులో ఆ గరుకు పెద్దగా తెలియదు కూడా. షేక్ అయిన ఫొటోను మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

ఫ్లాష్ వద్దు

నాలుగు రెట్ల దూరానికి వెళ్లేసరికి ఫ్లాష్ వెలుగు పదహారో వంతుకు పడిపోతుంది. హాల్ వెనక నుంచి కొడితే ముందు వరుసల తలలు తెల్లబడతాయి, స్టేజి నల్లగానే ఉంటుంది. దగ్గర నుంచి కొడితే చదువుతున్న పిల్లవాడు ఉలిక్కిపడి పదం మరిచిపోతాడు.

దానికన్నా స్టేజి లైట్లే సరిచేయాలి. నిరుడు లైట్లన్నీ బ్యానర్ మీద పడ్డాయి. వెనక తెల్ల ఫ్లెక్సీ మెరిసింది, కెమెరా దాన్ని చూసి వెలుగు తగ్గించుకుంది, ముఖాలు నల్లబడ్డాయి. వెనక ముదురు రంగు పరదా కట్టి, రెండు ఎల్ఈడీ లైట్లను ముందు నుంచి, ఒక్కో పక్క నుంచి ఏటవాలుగా ముఖాల మీదికి తిప్పితే సగం పని అయిపోతుంది. నల్ల పరదా ముందు తెల్ల టోపీ, తెల్ల కుర్తా వేసుకున్న పిల్లలుంటే ఇందుకు విరుద్ధంగా ముఖాలు మరీ తెల్లబడతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను కొంచెం మైనస్‌లో పెట్టాలి.

ఇంకో చిక్కు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, కొన్ని చౌక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతాయి. షట్టర్ వేగం పెంచితే ఫొటోలో నల్ల చారలు పడవచ్చు. చారలు కనిపిస్తే 1/100కి దిగి, పిల్లలు ఒక్క క్షణం ఆగేదాకా చూడాలి. చరణం ముగిసి ఊపిరి తీసుకునేటప్పుడు, చప్పట్లు మొదలైనప్పుడు, బహుమతి అందుకుని తల ఎత్తినప్పుడు ఆ క్షణం దొరుకుతుంది.

ఫోన్‌తో తీసేవారికి

ముందు లెన్స్ తుడవండి. జూమ్ చేయకుండా దగ్గరికి వెళ్లండి. నైట్ మోడ్ కదలని కోటలకు, మసీదు మినార్లకు బాగుంటుంది. అది కొన్ని సెకన్లపాటు తీసినవాటిని కలుపుతుంది కాబట్టి కదిలే పిల్లలకు పనికిరాదు. ముఖం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వరసగా పది తీయండి, ఒకటి బాగా వస్తుంది. మాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గి అచ్చుకు పనికిరాదు.

ఎవరి ఫొటో, ఎవరు తీయాలి?

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల ఫొటోలు అక్కడ ఒక ఇంగ్లీషు మహిళ ఆధ్వర్యంలో తీసేవారు. నూట ముప్పై ఏళ్ల కిందటే అంత మర్యాద పాటించినప్పుడు మనం పాటించలేమా? ఈ ఏడాది మహిళల కార్యక్రమం ఫొటోలు మన కాలేజీ అమ్మాయిలే తీస్తారు. తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లల ఫొటోలే వేస్తాం. రేషన్ కిట్టు, వైద్య సాయం అందుకునేవారి ముఖాలు తీయం. మీకు దాని లెక్క చూపిస్తాం, వాళ్ల చాచిన చెయ్యి చూపించం.

ఇందుకోసం కొత్త కెమెరా కొనడం లేదు. జకాత్ సొమ్ములో, విరాళాల్లో ఒక్క రూపాయి కూడా దీనికి వాడం. సభ్యుల్లో ఒకరి పాత కెమెరా ఉంది. మీలో ఎవరి ఇంట్లోనైనా ఎఫ్ 1.8 లెన్స్ ఖాళీగా ఉంటే ఆ ఒక్క సాయంత్రానికి ఇవ్వండి, భద్రంగా తిరిగి ఇస్తాం. ఇన్‌షా అల్లాహ్, ఈసారి స్టేజి ఎక్కే ప్రతి బిడ్డ చేతికి ఒక స్పష్టమైన ఫొటో అందిస్తాం. మొదటిది దుబాయ్ వెళ్తుంది.